మేడారం బెల్లంతో అమెరికా కుకీలు

ఎండాకాలం సెలవులు ఇచ్చారంటే మా ఇంట్లో బిస్కెట్ల పని పడేది. కొనే పని కాదు, చేయించే పని. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక సందులో బేకరీ ఉండేది, ముందర బన్నులూ ఉస్మానియా బిస్కెట్లూ అమ్మే చిన్న గల్లా, వెనక పెద్ద కట్టెల బట్టీ. మైదా, చక్కెర, డాల్డా, ఇలాచీ అన్నీ ఇంట్లోనే తూచి సంచుల్లో కట్టుకుని రిక్షాలో వేసుకెళ్తే, వాళ్లు అక్కడే కలిపి, అచ్చులతో కోసి, కాల్చి ఇచ్చేవాళ్లు, కిలో మైదాకు ఇంతని కూలి. ఖాళీ అయిన నూనె డబ్బాను సబ్బు పెట్టి తోమి, ఎండలో ఆరబెట్టి వెంట తీసుకుపోయేవాళ్లం, వచ్చేటప్పుడు దాని నిండా బిస్కెట్లు. మా వైపు నా వయసు వాళ్లలో ఈ డబ్బా తెలియనివాళ్లు తక్కువే ఉంటారు.

పిల్లల్లో పెద్దదాన్ని కాబట్టి కాపలా డ్యూటీ నాది. మన డాల్డా మన పిండిలోనే పడుతుందో లేదో చూడమని అమ్మ నన్ను అక్కడ కూర్చోబెట్టి కూరగాయలకు పోయేది. బేకరీలో ఎవరూ ఎవరి డాల్డా తీసుకున్నది నేనైతే చూడలేదు కానీ, ప్రతి తల్లికీ ఆ అనుమానం ఉండేది, ప్రతి ఇంటి నుంచీ ఒక పిల్లో పిల్లగాడో వచ్చి మైదా బస్తాల మీద కూర్చునేవాళ్లు. మాస్టర్ మాత్రం మమ్మల్ని పట్టించుకునేవాడు కాదు. బట్టీలో చిటికెడు మైదా విసిరి, అది ఎంతసేపట్లో ఎర్రబడుతుందో చూసి వేడి చెప్పేసేవాడు. మీటరూ లేదు, గడియారమూ లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, చాక్లెట్ చిప్ కుకీ మా ఇంటికి వచ్చింది ఈ బట్టీ మీదుగానే.

వైటూకే అని, 2000 రాగానే కంప్యూటర్ల తేదీలు తప్పుతాయన్న భయంతో, కంప్యూటర్ చదివినవాళ్లంతా అమెరికా విమానం ఎక్కుతున్న రోజుల్లో మా పెద్దబాపు కొడుకు కూడా వెళ్లాడు, పెళ్లయ్యాక వదిన వెళ్లింది. 2000 మే నెలలో వదిన మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు సూట్‌కేసులో సబ్బులు, సెంటు బాటిళ్లు, బాదంపప్పుతో పాటు ఒక పసుపు రంగు ప్యాకెట్ తెచ్చింది. నెస్లే టోల్ హౌస్ చాక్లెట్ చిప్స్, అంటే చిన్న చిన్న చాక్లెట్ బిళ్లలు. మా ఎండల్లో చిప్స్ చిప్స్‌గా ఉంటాయా, అన్నీ కరిగి కలిసిపోయి ఒకటే ముద్ద. అమ్మ దాన్ని కత్తిపీట మీద పెట్టి బెల్లం కొట్టినట్టు కొట్టింది. మాకు ఆ ముద్ద కంటే ముఖ్యమైంది ప్యాకెట్ వెనక ఉంది, అక్కడ ఇంగ్లిషులో వంట విధానం మొత్తం అచ్చేసి ఉంది. ఇంట్లో ఇంగ్లిష్ మీడియం నేనే కాబట్టి చదివి తెలుగులో రాసే పని నాకు పడింది. ఆ అట్టముక్కను కత్తిరించి అమ్మ వంటల నోటుబుక్కులో అన్నంతో అతికించాం. ఇప్పటికీ ఉంది, రంగు పోయింది, అక్షరాలు పోలేదు.

ఆ ప్యాకెట్ మీద ఉన్న టోల్ హౌస్ ఏంటో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మసాచుసెట్స్‌లో విట్‌మన్ అనే ఊళ్లో రూత్ వేక్‌ఫీల్డ్, ఆమె భర్త కలిసి 1930లో కొన్న సత్రం పేరు అది, అందులో భోజనశాల నడిపేవాళ్లు. ఆమె అక్కడ వెన్న పిండిలో చాక్లెట్ బార్‌ను ముక్కలు చేసి కలిపి కాల్చింది, 1938లో ఆమె వంటల పుస్తకంలో అచ్చయింది. ఏదో అయిపోయి చాక్లెట్ వేస్తే అనుకోకుండా తయారైందని ఒక కథ తిరుగుతుంటుంది, నేను నమ్మను. ఆమె గృహవిజ్ఞానం చదువుకుని డైటీషియన్‌గా పనిచేసిన మనిషి, తానే కావాలని ప్రయత్నించి చేశానని చెప్పింది కూడా. ఆడవాళ్లు ఏదైనా కనిపెడితే అది చెయ్యి జారి జరిగిందని చెప్పడం ఎందుకో అందరికీ ఇష్టం. తర్వాత నెస్లే వాళ్లు ఆ విధానాన్ని తమ ప్యాకెట్ల మీద వేసుకునేలా ఒప్పందం జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో మసాచుసెట్స్ సైనికులకు ఇళ్ల నుంచి పార్సిళ్లలో ఈ కుకీలు వస్తే, పక్కన తిన్న వేరే రాష్ట్రాల వాళ్లు ఇవి ఎలా చేస్తారో మా ఇంటికీ పంపమని ఉత్తరాలు రాశారట. ఆ సత్రం 1984లో కాలిపోయింది. వంట మాత్రం మా అమ్మ నోటుబుక్కు దాకా వచ్చింది.

ఇక చేయడం. ప్యాకెట్ ప్రకారం రెండుంపావు కప్పుల మైదా, ఒక చెంచా సోడా, ఒక చెంచా ఉప్పు, ఒక కప్పు వెన్న, ముప్పావు కప్పు చక్కెర, ముప్పావు కప్పు బ్రౌన్ షుగర్, వెనీలా ఒక చెంచా, రెండు గుడ్లు, రెండు కప్పుల చిప్స్, ఇష్టమైతే వాల్‌నట్లలాంటి గింజలు ఒక కప్పు. 375 డిగ్రీల ఫారెన్‌హీట్, తొమ్మిది నుంచి పదకొండు నిమిషాలు. చదవగానే గొడవలు మొదలు. కప్పు అంటే ఏ కప్పు? మా ఇంట్లో టీ కప్పులు మూడు సైజులు, బియ్యం కొలిచే సోల ఒకటి. చివరికి వదిన, 'చిన్నత్తమ్మా, అన్నీ ఒకే గ్లాసుతో కొలిస్తే అయిపోతది' అని తేల్చింది, కొంతవరకు నిజమే, కానీ గుడ్లు గ్లాసుతో కొలవరు కదా.

వెన్న గది వేడికి మెత్తబడాలని ఉంది. ఎవరి గది? మే నెలలో హన్మకొండలో గదిలో పెడితే వెన్న నూనె అయిపోతుంది, వెన్న కరగడానికి 35 డిగ్రీలు చాలు, మా వంటింట్లో పొద్దున తొమ్మిదింటికే అంతకంటే ఎక్కువ ఉంటుంది. కరిగిన వెన్నతో చేస్తే పిండి ట్రే అంతా పారి అప్పడమైపోతుంది. కలిపిన పిండిని స్టీలు గంజులో పెట్టి, మూత మీద బరువు పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచమని వదిన చెప్పింది. మా ఫ్రిజ్‌లో ఎప్పుడూ చల్లనీళ్ల సీసాలు, దోశెల పిండి, మల్లెపూలు, వీటి మధ్య చోటు చేయడానికి ఒక పూట పట్టింది. కానీ రాత్రంతా ఉంచితే పిండి తడి పీల్చుకుని రుచి దిగుతుంది, ఇప్పుడు పేరున్న బేకరీల వాళ్లు కూడా అదే చేస్తారు.

బ్రౌన్ షుగర్ అన్న మాట మేము అప్పుడే విన్నాం. చక్కెరకు మొలాసిస్, అంటే చెరకు మడ్డి, కలిపితే వచ్చేది అదని వదిన చెప్పేసరికి బాపు పేపర్ కింద పెట్టి, 'బెల్లమే గదా' అన్నాడు. ముదురు రంగు బెల్లం అయితే ఇంకా బాగుంటుందని వదిన అంది గానీ, అప్పట్లో మా జిల్లాలో కిరాణా కొట్టుకు పోయి నల్లబెల్లం అడగాలంటే కొంచెం ఆలోచించుకోవాలి, గుడుంబా, అంటే నాటుసారా, కాయడానికేమో అన్నట్టు చూసేవాళ్లు. బాపు వద్దన్నాడు. అయినా కొనాల్సిన పని లేదు. ఆ ఏడే మేడారం జాతర అయింది, పోయివచ్చిన చుట్టాలంతా తలా కొంత బంగారం (జాతరలో బెల్లాన్ని అలాగే అంటారు) తెచ్చి ఇచ్చారు, అవ్వ గదిలో డబ్బా నిండా బెల్లం ఉంది.

దాన్ని ముట్టడానికి అమ్మ భయపడింది. సమ్మక్క తల్లి ప్రసాదం, దాన్ని తీసుకుపోయి గుడ్లలో కలపడమా. వదినకు కూడా నోట మాట రాలేదు, అమెరికా నుంచి వచ్చి అపచారం చేయించిందని పేరు ఎందుకని. అప్పుడు అవ్వ మంచం మీద నుంచి లేవకుండానే తీర్పు చెప్పింది. 'సమ్మక్క తల్లికి కోళ్లు, యాటలే ఇస్తరు. గుడ్డుకు ఏమైతది? కలుపుండ్రి.' ఇంత లాజిక్ నేను తర్వాత ఏ చదువులోనూ చూడలేదు.

బెల్లాన్ని కోరి జల్లెడ పట్టాలి, అందులో ఇసుక రేణువులుంటాయి. కరిగించి వడకట్టొచ్చు కదా అంటారు, వద్దు, నీళ్లు చేరితే కుకీ కేకయిపోతుంది. బ్రౌన్ షుగర్‌లో ఉండే కొద్దిపాటి పులుపు గుణం వల్లే సోడా పనిచేస్తుందని తర్వాత తెలిసింది, బెల్లానికీ ఆ గుణం ఉండబట్టి మాకు లెక్క కుదిరింది.

మర్నాడు గంజు తడిగుడ్డలో చుట్టి బేకరీకి తీసుకుపోయాం, వదిన, అమ్మ, నేను. మాస్టర్ పిండిని వేలితో నొక్కి చూసి, వాసన చూసి, ఇందులో డాల్డా ఏది అని అడిగాడు. వెన్న వేశామంటే నవ్వాడు, డబ్బులెక్కువైనయా అన్నట్టు. ట్రేలకు ఏమీ పూయొద్దని ప్యాకెట్ మీద ఉంది, ఆయన మాత్రం అలవాటుగా చేతినిండా డాల్డా తీసి పూసేశాడు. వదిన అరిచే లోపు అయిపోయింది. పిండిని చిన్న ఉండలు చేసి ఎడంగా పెట్టి బట్టీలోకి తోశారు. బయటికి తీసినప్పుడు అంచులు ఎర్రగా, నడుమ పొంగి మెత్తగా ఉన్నాయి, వదిన ముఖం వెలిగిపోయింది. అలాగే ఉండాలి కదా. మాస్టర్ నడుమ వేలు పెట్టి నొక్కాడు, దిగబడింది.

'గిది పచ్చిగున్నదమ్మా, నడుమ కాలలే.'

'అంతే ఉండాలన్నా. చల్లారినంక అదే గట్టిపడ్తది.'

'పచ్చి సరుకు ఇచ్చినా అంటే రేపు నా బట్టీకి ఎవరొస్తరు?'

ట్రే మళ్లీ లోపలికి పోయింది. వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి, అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గిచ్చింది మాట్లాడొద్దని. మొదటి ట్రే మొత్తం అట్లా రాళ్లయ్యింది. మేం చాయ్‌లో ముంచుకుని తినేశాం, బాపుకు అవే నచ్చాయి. నాకైతే మాస్టర్ మీద కోపం రాలేదు, ఆయన బట్టీలో అప్పటిదాకా మెత్తగా బయటికొచ్చిన బిస్కెట్ లేదు, బిస్కెట్ అంటే విరిస్తే చప్పుడు రావాలి. రెండో ట్రేకు వదిన ఒక పని చేసింది, ఒక్కటి మాత్రం పక్కన పెట్టించి, ఇది మేమే తింటాం, మీ పేరు చెప్పం అంది. అది చల్లారేదాకా మాస్టర్ నాలుగు సార్లు వచ్చి చూశాడు. చివరికి విరిచి నోట్లో వేసుకుని ఏమీ అనలేదు. మిగతా ట్రేలు మాత్రం వదిన చెప్పినప్పుడే తీశాడు, పైగా పొద్దున రొట్టెలు తీసిన వెంటనే కాకుండా వేడి కాస్త తగ్గాక రమ్మని తర్వాతి సారికి తనే చెప్పాడు.

అక్కడి నుంచి వీధి పని మొదలైంది. రుచి చూసిన ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు నోటుబుక్కు పట్టుకుని వచ్చారు, నేను రాసిచ్చాను. స్కూలు నోట్సుల కంటే ఎక్కువ రాసుంటాను. విచిత్రం ఏంటంటే రాసిచ్చింది ఒకటే, చేసింది ఎవరిది వాళ్లది. ఎదురింటి టీచరమ్మ వాళ్లు గుడ్డు ముట్టరు, గుడ్ల బదులు గట్టి పెరుగు వేసింది, కొంచెం కేకులా వచ్చేవి కానీ వాసన బాగుండేది. మూలింటి అత్తమ్మ ఉప్పు మానేసింది, తీపిలో ఉప్పేంది అని. ఆమె కుకీలు తిన్నవాళ్లకు ఉప్పు ఎందుకో వెంటనే అర్థమవుతుంది. అమూల్ వెన్న వాడేవాళ్లకు ఆ బాధ లేదు, అందులోనే ఉంటుంది. బేకింగ్ పౌడర్, తినే సోడా ఒకటే అనుకుని ఒకరు మార్చేశారు. కాజీపేట ఫాతిమానగర్ నుంచి మా అమ్మ స్నేహితురాలు, రైల్వే వాళ్లు, క్రిస్మస్ కేకులు ఏళ్ల తరబడి ఇంట్లో చేసే మనిషి, ఆమె వచ్చి ఆ రెండింటి తేడా అందరికీ చెప్పింది. వాళ్లింట్లో మూతకు అద్దం ఉన్న గుండ్రటి అల్యూమినియం కరెంటు ఒవెన్ ఉండేది. దాన్లో ఒకసారి ఆరు కుకీల కంటే పట్టవు, కాబట్టి ఆమె ఇంటికి పోతే కుకీలు ఎప్పుడూ వేడివేడిగానే దొరికేవి.

ఒవెన్ లేనివాళ్లు కుక్కర్‌లో ఇసుక పోసి, రబ్బరూ విజిలూ తీసేసి, లోపల స్టాండు మీద పళ్లెం పెట్టి చేశారు. కింద మాడుతుంది, పైన తెల్లగా ఉంటుంది. నేను దాన్ని ఎవరికీ చెప్పను.

వాల్‌నట్లు ఎవరి దగ్గరా లేవు, పల్లీలు అందరి దగ్గరా ఉన్నాయి. వేయించి కచ్చాపచ్చాగా దంచి వేస్తే, బెల్లం ఉంది కాబట్టి సగం పల్లీపట్టీ రుచి, సగం చాక్లెట్ రుచి. ఇది ఎవరు మొదలుపెట్టారో తెలియదు, మా వీధిలో కనీసం మూడు ఇళ్ల వాళ్లు మేమే అంటారు. చాక్లెట్ సంగతి కొంచెం కష్టం. పసుపు ప్యాకెట్ ఒకటే, అది మొదటిసారికే అయిపోయింది. మామూలు పాల చాక్లెట్ బార్లు విరిచి వేస్తే మరీ తీపి, పైగా బార్ ముక్కలు కరిగి పారతాయి, చిప్స్‌లో కొవ్వు తక్కువ ఉండేలా చేస్తారు కాబట్టి అవి ఆకారం నిలబెట్టుకుంటాయి. తర్వాత తర్వాత కేకుల సామాన్ల షాపుల్లో కుకింగ్ చాక్లెట్ పలకలు దొరికాక ఇబ్బంది తగ్గింది.

వీళ్లందరిలో ఒక పిన్ని ఉండేది, ఆమె కుకీలు అందరికంటే బాగుండేవి, చాక్లెట్ రుచి గాఢంగా తగిలేది. ఎవరడిగినా 'మీ పిల్ల రాసిచ్చిందే గదనే' అనేది. అమ్మకు రెండేళ్లు నిద్ర పట్టలేదు. ఒకరోజు వాళ్లింట్లో పిండి కలిపిన గిన్నె కడగడానికి సాయం పట్టిన నాకు కాఫీ వాసన వచ్చింది. ఒక చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి. అంతే. కాఫీ రుచి తెలియదు, చాక్లెట్ రుచి పెరుగుతుంది. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మకు చెప్పినప్పుడు ఆమె సంతోషం చూడాలి, అయితే అమ్మ కూడా ఆ తర్వాత ఎవరికి రాసిచ్చినా ఆ చెంచా గురించి రాయనివ్వలేదు. రాయమని పట్టుబట్టాల్సినంత మంచితనం నాకూ లేదు. మొన్నటిదాకా.

ఇప్పుడు ఆ సందులో బేకరీ లేదు, మొబైల్ షాపులున్నాయి. ఇంటింటికీ ఓటీజీ అనే చిన్న కరెంటు ఒవెన్ వచ్చింది, చిప్స్ సూపర్ మార్కెట్లో దొరుకుతున్నాయి. కరీంనగర్‌లో మా చెల్లెలి కూతురు కొత్తగా ఓటీజీ కొనుక్కుని, పెద్దమ్మా మీ పల్లీల కుకీలు ఎట్లా చేస్తావు, కప్పుల్లో చెప్పకు, గ్రాముల్లో చెప్పు అని వాట్సాప్‌లో అడిగింది. తూచి మరీ పంపాను, ఇక్కడా పెడుతున్నా. మైదా 280 గ్రాములు, వెన్న 225, కోరి జల్లించిన బెల్లం 165, చక్కెర 100 చాలు, ప్యాకెట్ ప్రకారం 150 వేస్తే మన నోటికి ఎక్కువ. గుడ్లు రెండు. తినే సోడా ఒక చెంచా, ఉప్పు లేని వెన్న అయితే ఉప్పు ముప్పావు చెంచా, వెనీలా ఒక చెంచా, కాఫీ పొడి ఒక చెంచా (పిన్నీ, క్షమించు). కుకింగ్ చాక్లెట్ ముక్కలు 250 గ్రాములు, వేయించి దంచిన పల్లీలు 100. వెన్న, బెల్లం, చక్కెర బాగా గిలకొట్టాలి, తర్వాత ఒక్కో గుడ్డు, వెనీలా. సోడా, ఉప్పు, కాఫీ పొడి మైదాలో ముందే కలిపి జల్లించుకుని అప్పుడు వేయాలి. మైదా పడ్డాక ఎక్కువ తిప్పితే గట్టిపడతాయి. చివర్లో చాక్లెట్, పల్లీలు. కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో, రాత్రంతా అయితే మేలు. ఓటీజీ 190 డిగ్రీలు వేడెక్కాక నిమ్మకాయంత ఉండలు ఎడంగా పెట్టి పది, పదకొండు నిమిషాలు. అంచు ఎర్రబడి నడుమ మెత్తగా ఉండగానే తీసేయాలి, ట్రే మీదే ఐదు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయాలి. మీ ఇంట్లో ఎవరైనా వేలు పెట్టి పచ్చిగుంది అంటే వినకండి.

ఇంటి వెన్న వాడేవాళ్లకు ఒక మాట. చిలికి తీసిన వెన్నలో నీళ్లు ఎక్కువ, అది ఎంత తీసేదాన్ని బట్టి మారుతుంటుంది, దానికంటే నెయ్యి కాచి వాడటం నయం. వెన్నలో ఇంచుమించు ఐదో వంతు నీళ్లూ పాల పదార్థమే కాబట్టి 225 గ్రాముల వెన్నకు 180 గ్రాముల నెయ్యి సరిపోతుంది, రెండు చెంచాల పాలు చేర్చుకోవాలి. నెయ్యి పేరుకున్నదై ఉండాలి. నానఖటాయి లాగా కొంచెం ఇసుకిసుకగా వస్తాయి, మా బాపుకు ఇవే ఇష్టం.

ఇలాచీ వేయాలని అమ్మ అంటుంది, వెనీలా వేసినప్పుడు వద్దని వదిన ఫోన్లో అంటుంది, దాని మీద నాకు పట్టింపు లేదు. పల్లీల పొట్టు మాత్రం తీయకూడదు. అమ్మ తీయాలంటుంది. నేను తీయను, నువ్వూ తీయకని చెల్లెలి కూతురికి విడిగా మెసేజ్ పెట్టాను.